పనస గుంటలో ఉప్పు

చిటికెడు మట్టి తీసి నాలుక మీద పెట్టుకుంది బొడ్డమ్మ.

చప్పగా ఉంది.

మళ్లీ ఇంకో చిటికెడు... చప్పగానే ఉంది.

తొంభై తొమ్మిదిలో వచ్చిన తుఫాను సముద్రపు నీళ్లను తెచ్చి ఆమె పెరటి మీద చల్లి పోయింది. అప్పటినుంచి బావి నీళ్లు తోడి పోస్తూనే ఉంది. రోజూ చిటికెడు మట్టి. రోజూ ఉప్పు. అయిదు నెలలకి, ఉగాది ముందు, ఇవాళ చప్పబడింది.

ఇక నాటొచ్చు.

అత్త నాటిన పనస చెట్టు ఆ తుఫానులోనే వేళ్లతో సహా లేచి పడిపోయింది. ఆ తొనల రుచి ఉద్దానంలో మరే చెట్టుకీ లేదు. లేదంటే లేదు— ఈ విషయంలో బొడ్డమ్మతో వాదించి గెలిచినవాళ్లు లేరు. తుఫానుకి ముందు, దాని చివరి కాయ తిన్నప్పుడు మూడు గింజలు మూడు పాత కుండల్లో గుచ్చింది. మూడూ మొలిచాయి.

ఆ మూడే మిగిలాయి.

"వానలు పడ్డాక నాటుదుమే," అన్నాడు ఆమె భర్త దానయ్య.

"నువ్వు ఆగుతావు మావా. ఏరు ఆగదు."

నిజమే. కుండ పగులులోంచి వేరు అప్పుడే బయటికి చూస్తోంది.

సాయంత్రం ఎండ తగ్గాక మూడు గుంటలు తవ్వారు. ఆమె నీళ్లకి బావి దగ్గరికి వెళ్లి వచ్చేదాకా దానయ్య గుంటల దగ్గరే ఉన్నాడు. వేరు కదలకుండా కుండలు పగలగొట్టింది. నాటింది. నీళ్లు పోసింది.

మూడో రోజుకి ఆకుల అంచులు మాడాయి.

అయిదో రోజుకి ఆకులు వేలాడాయి.

మొదలు దగ్గర లోతుగా వేలు పెట్టి, మట్టి తీసి, నాలుక మీద పెట్టుకుంది.

ఉప్పు.

"ఏటి సేసినావు మావా?"

"గుంటకి పిడికెడు ఉప్పేసినాను," అన్నాడు దానయ్య, మంచి పని చేసినవాడిలా. "నౌపడ మడుల ఉప్పే. కొబ్బరికి ఎయ్యమేటి?"

వేస్తారు. ఇక్కడ కొబ్బరి మొక్క నాటితే గుంట అడుగున ఉప్పు పడాల్సిందే. తుఫాను తర్వాత నలభై కొబ్బరి మొక్కలు నాటిన చెయ్యి అది. గుంట కనిపిస్తే ఉప్పు వేసేసింది.

ఆమెకి కోపం వచ్చింది. ఏడుపు కూడా వచ్చింది— దాన్ని బయటికి రానివ్వలేదు.

గునపం అందుకుంది.

మూడు మొక్కల్నీ పైకి తీసింది. బిందెడు నీళ్లలో వేళ్లు ముంచి ముంచి కడిగింది. ఆ గుంటలు పూడ్చేసింది. పాత పనస కూలిన చోట కొత్తగా తవ్వింది. అత్త చెట్టు ఆకులు రాలి రాలి నల్లబడ్డ మట్టి అది. ఆమె చెప్పకుండానే దానయ్య నీళ్లు మోశాడు. ఒక బిందె... ఇంకో బిందె... చీకటి పడేదాకా.

ఒక మొక్క మర్నాడే పోయింది.

రెండోది వారానికి పోయింది.

మూడోది ఆకులన్నీ రాల్చేసింది. ఉత్త పుల్ల మిగిలింది. బొడ్డమ్మ గోటితో కాస్త గీరి చూసింది. బెరడు కింద పచ్చగా ఉంది.

"ఇది బతుకుద్ది," అంది.

తాటాకు నీడ కట్టింది. పొద్దున నీళ్లు. సాయంత్రం నీళ్లు. పుల్ల చిగురించలేదు. ఎండిపోనూ లేదు.

ఒక పొద్దున ఆమె లేచేసరికి దానయ్య పుల్ల ముందు మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. నాలుక మీద మట్టి.

"సప్పగుందే," అన్నాడు, ఆమె ముఖంలోకి చూస్తూ.

ఆమె నమ్మలేదు.

పక్కన కూర్చుంది. చిటికెడు మట్టి తీసి, తన నాలుక మీద పెట్టుకుంది...