కాశీరావు చెయ్యి

ఇందులో ఒక్క అక్షరం అబద్ధమైనా నాకు మిగిలిన నాలుగు పళ్ళూ ఇక్కడే రాలిపోవాలి.

పొద్దున్నే లేవగానే పేరమ్మ చేసే మొదటి పని, మొగుడు కాశీరావు ఎడమ మణికట్టుకి చెవి ఆనించడం. రక్తం కడిగే మిషను కోసం రాయవేలూరు ఆసుపత్రిలో అక్కడ రెండు నరాలు కలిపి కుట్టారు. తర్వాత కాశీరావు అక్క సన్యాసమ్మ తన కిడ్నీ ఒకటి ఇవ్వడంతో మిషను అవసరం తీరింది. కుట్టు మాత్రం అలాగే ఉండిపోయి జుమ్మని మోగుతూ ఉండేది. హనుమాన్ జంక్షన్లో బస్సు డ్రైవర్లు ఆ మోత విని, ఇంజను ఆపామో లేదోనని దిగి చూసుకునేవారు.

కొల్లేట్లో అందరూ దోనె అంచుమీద కర్రతో కొట్టి చేపల్ని వలలోకి తోలతారు. కాశీరావు నీళ్ళలో చెయ్యి పెడితే చాలు, కొరమీనులు పెళ్ళికి పిలిచినట్టు వచ్చేవి. దోనె నిండిపోయి మనుషులు ఈదుకుంటూ ఒడ్డుకొచ్చేవారు. "ఇవాళ చెయ్యి పెడుతున్నావా కాశీ?" అని అడిగి ఆడవాళ్ళు గంపలు సర్దుకునేవారు.

మొన్న వేసవిలో డాక్టరుగారు ఆ కుట్టుమీద బొటనవేలితో నొక్కి నాడి చూశారు. నొక్కగానే గుండె వేగం తగ్గింది.

"దీనివల్ల గుండె ఇద్దరి చాకిరీ చేస్తోందమ్మా, పెద్దదవుతోంది. కిడ్నీ బాగుంది కాబట్టి ఇది మూసేయొచ్చు. కానీ మూశాక కిడ్నీ మొండికేస్తే, ఇతని నరాల్లో మిషనుకి ఇంకో దారి దొరకడం కష్టం. ఆలోచించుకోండి. ఊపిరాడక పడుకోవడానికి రెండో తలగడ కావాల్సొచ్చిందా, ఇక ఆలోచించకుండా వచ్చేయండి."

కాశీరావు రెండో తలగడ అడగలేదు. ఉన్నదాంట్లోనే దూది కూరుకుంటూ పోయాడు. కార్తీకానికి దానిమీదికి నిచ్చెన వేసుకుని ఎక్కాల్సొచ్చింది.

"ఒకటేగా," అనేవాడు ఆయాసపడుతూ. "రెండేళ్ళు మంచంలో పడి మీ కూడు తిన్నాను. ఇప్పుడీ చెయ్యి సంపాదిస్తోంది. మూసేస్తే నేనెందుకు?"

"నువ్వు పోయాక ఆ చేపలొచ్చి పిండం పెడతాయా?" అంది పేరమ్మ.

"అసలు సంగతి అది కాదులే మరదలా," అంది సన్యాసమ్మ. "వీడికి నా కిడ్నీ మీద నమ్మకం లేదు. చిన్నప్పుడు నేను బెల్లంముక్క ఇచ్చినా వాసన చూసి తినేవాడు."

కాశీరావు నవ్వబోయి దగ్గాడు. పాదాలు బూరెల్లా పొంగి ఉన్నాయి. "ఈ సీజను కానీయండి, వెళ్దాం."

పేరమ్మ వినలేదు. రాయవేలూరు వెళ్ళడానికి మూట కట్టేసింది. తెల్లారి చూస్తే అతను లేడు, దోనె ఎక్కేశాడు.

ఆ రోజు చేపలు వచ్చాయి గానీ వలకేసి పోలేదు. అతని మణికట్టు చుట్టూ మూగి, గట్టిగా కట్టు కట్టినట్టు నొక్కిపట్టాయి. కర్రలతో తోలినా రెండు గంటలు కదల్లేదు. అవి వదిలేసరికి కుట్టు మూసుకుపోయి మోత ఆగిపోయింది. పేరమ్మ చెవి ఆనించింది. ఆదివారంనాటి తాలూకాఫీసులా ఉంది.

ఆ మధ్యాహ్నం కాశీరావు తలగడ అవతల పారేసి వెల్లకిలా పడుకున్నాడు. మూడు నెలల నిద్ర ఒక్కసారే పోయాడు. గుండె కుదుటపడింది, వాపు దిగింది. పేరమ్మ అయిదు రోజులు నవ్వింది.

ఆరో రోజున ఒంటేలు తగ్గింది. నిన్న అరచెంబు. ఇవాళ పొద్దుట్నుంచీ కలిపి ఇదిగో, ఈ టానిక్కు సీసాలో అడుగున రెండువేళ్ళు. సన్యాసమ్మ కిడ్నీ తీసిన పక్కమీద చెయ్యేసుకుని గోడవైపు తిరిగి కూర్చుంది. పేరమ్మ ఇంకా ఆ మణికట్టుకి చెవి ఆనిస్తూనే ఉంది.

నువ్వెలాగూ బెజవాడ వెళ్తున్నావుగా, ఈ సీసా పట్టుకెళ్ళు. పటమటలో దిగి ల్యాబులో ఇచ్చి, వాళ్ళు కాగితం రాసిచ్చేదాకా అక్కడే కూర్చో. బస్సులో ఒళ్ళో నిలబెట్టి పట్టుకో, కుదపకు. ఒలికిందంటే మళ్ళీ ఇవ్వడానికి అతని దగ్గర లేదు.