బొమ్మకు కట్టిన బెల్టు

నాంపల్లి స్టేషన్ ముందు రోడ్డు దాటాలంటే రాజమల్లు ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుంటాడు. ఆటో అల్లంత దూరాన ఉండగానే భార్య జంగమ్మ చెయ్యి పట్టేసుకుంటాడు. అదే మనిషి, ఆబిడ్స్ సందులో లేస్తున్న బిల్డింగుకు నాలుగో అంతస్తు ఎత్తున, పరంజా చెక్క మీద బీడీ ముట్టించుకుంటూ నడుస్తాడు. గోడలకు ప్లాస్టరింగు చేయడంలో ఆరితేరిన మేస్త్రీ మరి!

మొన్న ఇంజనీరు శ్రీనిధి వచ్చి పైన పనిచేసేవాళ్లకు నడుం బెల్టులు పంచింది. రాజమల్లు తన బెల్టుతో పరంజాకు వేలాడే దిష్టిబొమ్మను బిగించి కట్టాడు. గాలికి ఊగి బొమ్మ పడిపోతే సైటుకే అరిష్టమట.

"బొమ్మ పడుతదని ఫికర్ చేస్తున్నవు. నువ్వు పడుతవని లేదా?" అంది జంగమ్మ.

"నేనెందుకు పడ్త? పైన బస్సులొస్తయా, ఆటోలొస్తయా?"

చుట్టూ ఉన్న కూలీలందరూ నవ్వారు. జంగమ్మకు మాత్రం ఒళ్లు మండింది. కింద ఇసుక జల్లించడం ఆమె పని. మెడ పైకెత్తి మొగుణ్ణి చూసుకోవడం జీతం లేని రెండో పని. మధ్యాహ్నం సద్దిగిన్నె పట్టుకుని, కొంగు బిగించి, మెట్లెక్కి, కిటికీ ఖాళీలోంచి చెక్క మీద కాలు పెట్టింది.

చెక్క కదిలింది. రోజూ కదిలేదే. కానీ ఇవాళ దాని చివర జంగమ్మ ఉంది. ఆమె పాదాల పక్క నుంచి చూస్తే ఎక్కడో కింద రోడ్డు, ఇనుప కడ్డీల కుప్ప. ఇన్నేళ్లలో మొదటిసారి రాజమల్లుకు నేల కనిపించింది.

"కదలకు! ఆడ్నే నిలబడు, నీకు దండం పెడ్త."

"ఏమైతది? గీడికి ఆటోలొస్తయా ఏంది?"

రాజమల్లు పక్కనే ఉన్న బొమ్మ నడుం నుంచి బెల్టు ఊడబీకి, ఆమెకు బిగించి, దాని కొక్కేన్ని స్తంభం నుంచి పొడుచుకొచ్చిన కడ్డీకి తగిలించాడు. పట్టు తప్పిన బొమ్మ జారిపోయింది. ఎంతసేపటికీ నేల చేరదేమిటి అనుకుంటుండగా ధబ్బుమంది.

"ఇగ రా, లోపల కూసొని తిందాం," అంది జంగమ్మ, గొంతు కాస్త మెత్తబరిచి.

రాజమల్లు రెండు చేతులా పరంజా కర్రను వాటేసుకుని చెక్క మీద చతికిలబడ్డాడు. చప్పుడుకు పరుగెత్తుకొచ్చి కింద నిలబడి చూస్తున్న ఇంజనీరుకూ జనానికీ వినబడేలా, సిగ్గూ ఎగ్గూ లేకుండా అరిచాడు.

"ఓ మేడం! జర ఇంకో బెల్టు పంపున్రి. అది వచ్చేదాంక నేనీడికెళ్లి కదల!"