నూకరత్నం అవునన్న పాట

నేను ఒక పాటల రికార్డునే గానీ, పెళ్లిపందిట్లో మైకుకి పెట్టే రకాన్ని కాను. పుట్టింది బ్రెజిల్లో, నా భాష పోర్చుగీసు. నలుగురు కుర్రాళ్లు గిటార్లు, డ్రమ్ములు పట్టుకుని నన్ను కట్టారు. రాక్ పాటలు కదా అని చిందులేద్దామనుకున్న వాళ్లకి, తలుపేసుకుని తనలోకి తాను చూసుకునే మనిషి గోడు వినిపించింది. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. నేను ఇంటనే ఓడిపోయాను. చివరికి ఓ బ్రెజిల్ ఓడ పనివాడు నన్ను విశాఖపట్నం రేవులో క్రేను నడిపే గరికిన ఎర్రయ్యకిచ్చి, బదులుగా ఎండు నెత్తళ్ల చేపలు పట్టుకుపోయాడు. అదీ నా విలువ!

ఎర్రయ్య ఇంట్లో సినిమా పాటల రికార్డు ఒకటుండేది. రోజూ పాడి, వెచ్చవెచ్చగా వచ్చి నన్ను ఆనుకునేది. నాకు కడుపు మండిపోయేది.

ఓ మధ్యాహ్నం ఎర్రయ్య భార్య నూకరత్నం ఏమీ తోచక నన్ను గ్రామఫోను మీద పెట్టింది. రెండోవైపు పాటలో ప్రతి చరణంలోనూ 'కద' అన్న మాట వస్తుంది. చేపలు తోముతున్న చెయ్యి ఆగింది. తెలుగోడిలాగున్నాడే, మాటమాటకీ కదా అంటన్నాడు అనుకుని, "అవున్నాయినా" అంది. నేను పొంగిపోయాను!

ఇక రోజూ నేనే. నేను 'కద' అనడం, ఆవిడ అవుననడం, తన మోకాళ్ల నొప్పులూ అత్త సాధింపులూ చెప్పుకోవడం. ఎర్రయ్య మంచివాడే, కానీ కూర ఎలాగుందంటే "ఊఁ", ఒంట్లో బాలేదంటే "ఊఁ". అలాంటి మనిషి ఓ పూట గుమ్మంలో నిలబడి ఆ అవునులు విన్నాడు. ముఖం మాడిపోయింది. సముద్రాల అవతలి పుల్లకూరకి అంత రుచేమిటని రగిలిపోయాడు. ఆ మంట నాకు బాగా తెలిసినదే, అందుకే ముచ్చటపడ్డాను.

తర్వాత మరో బ్రెజిల్ ఓడ వస్తే, ఆ మాటకి అర్థమేమిటో కనుక్కుని పరిగెత్తుకొచ్చాడు.

"ఆడు నిన్నేటీ అడగట్నేదే. 'పెతి రోజూ, పెతి గదీ' అని తనలో తనే అనుకుంటన్నాడు. ఆడి బాసలో కద అంటే పెతి అని."

నూకరత్నం చిన్నబోయింది.

"పోనీ, ఆడడగనేదు. నువ్వడుగు మావా."

ఎర్రయ్యకి చెమటలు పట్టాయి. అంత పెద్ద క్రేనుని ఆడించేవాడు మాట కోసం తడుముకున్నాడు. "మోకాళ్లు... నొప్పెడతన్నాయి కదా?" అన్నాడు.

"అవును," అందావిడ. నాకెప్పుడూ చెప్పని అవును అది. అందులో ఏడుపుంది.

దొంగ మొహం వాడు, ఆ రోజు నుంచి నోరు మూస్తే ఒట్టు. నిన్న సాయంత్రం జాలిపడి తనే నన్ను పెట్టాడు. ఇద్దరూ నా పాట వినకుండా, అది సాగుతుండగానే కబుర్లాడుకున్నారు. నిజం చెప్పాలంటే ఆ మాటతో నేనెవర్నీ ఏమీ అడిగి ఎరగను. నిన్న మాత్రం, జీవితంలో మొదటిసారి, నిజంగానే "కదా?" అని అడిగాను. వాళ్లు నవ్వుకుంటున్నారు, అవునన్నవాళ్లు లేరు.