పీట ఒకింట, గవ్వలు ఒకింట

పిఠాపురం కోమట్ల వీధికి అడ్డంగా వేసిన తుమ్మకంపను ఆషాఢంలో ఒక శుక్రవారం పొద్దున తీసేశారు. వాంతిభేది కొత్తగా ఎవరికీ తగలక పదహారు రోజులైందనీ, ఇక ఎగువ వీధి వాళ్ళు దిగువకీ దిగువ వాళ్ళు ఎగువకీ తిరగవచ్చుననీ చాటింపు వేశారు. మధ్యాహ్నానికే భజన మద్దెల మోగింది. రెండు నెలలుగా చదరంగం మొహం చూడని మగవాళ్ళు అరుగులెక్కి, నువ్వు ఎత్తు మార్చావంటే నువ్వు మార్చావని పోట్లాడుకోవడం మొదలుపెట్టారు.

ఎగువ వీధిలో కంపకి ఆనుకునే ఇల్లున్న బెల్లం కొట్టువారి జగదాంబకు అవేవీ పట్టలేదు. వామనగుంటల పీటను కొంగుతో తుడిచి చంకన పెట్టుకుని దిగువ వీధికి బయలుదేరింది.

అది ఏడూ ఏడూ పద్నాలుగు గుంటల పనసచెక్క పీట. అందులో ఆడే డెబ్బై గవ్వలనూ జగదాంబ, సత్యలక్ష్మి కలిసి ఉప్పాడలో సముద్రస్నానానికి వెళ్ళినప్పుడు ఏరుకొచ్చారు. పీట జగదాంబ ఇంట్లో, గవ్వలు సత్యలక్ష్మి ఇంట్లో ఉండాలని ఒప్పందం. ఒకరు లేకుండా రెండోవారు ఆడకూడదు. ఆ ఏర్పాటు జగదాంబదే. స్నేహం కొద్దీ అనుకున్నామని చెప్పేది కాని, నమ్మకం చాలకే అని వీధిలో అందరికీ తెలుసు.

కంప పడిన రెండు నెలలూ ఆమె ఆ గుంటల్లో ఒక్క చింతపిక్క వెయ్యలేదు. ఆడపడుచు ఎంత బతిమాలినా పీట దింపలేదు. ఏదో నోము పట్టినట్టు మురిసిపోయింది. ఈ సంగతి సత్యలక్ష్మికి ఎప్పుడెప్పుడు చెబుదామా అని ఉంది. ఆమె అత్తగారు ఆ జాడ్యంలోనే పోయారు కనుక, ముందుగా పరామర్శ మాటలు నాలుగు దారిపొడుగునా కూర్చుకుంది.

వసారాలో అడుగు పెట్టేసరికి ఆ నాలుగూ ఎగిరిపోయాయి. ముసలావిడ మంచం గోడకి నిలబెట్టి ఉంది. దాని పక్కన నేలలో పద్నాలుగు గుంటలు తవ్వి పేడతో నున్నగా అలికారు. అలుకు చూస్తే నిన్నమొన్నటిది కాదు. గుంటలకి ఇటు సత్యలక్ష్మి, అటు వెనకింట్లో పూలమ్ముకునే రత్నమాణిక్యం. మధ్యలో ఉప్పాడ గవ్వలు.

జగదాంబ చంకలో పీటను మరింత బిగించి పట్టుకుంది.

"అవి మన గవ్వలు కదూ వదినా?" అంది.

"మనవే. రా, కూర్చో," అంది సత్యలక్ష్మి.

"అనుకున్న మాటేంటి, ఇదేంటి? రెండు నెలల నుంచి నేను పీట ముట్టలేదు తెలుసా!"

రత్నమాణిక్యం గబుక్కున లేచింది. "మీరు కూర్చోండమ్మగారూ. నాకు పూలు కట్టే పనుందండి."

"కూర్చో రత్నం. ఎత్తు నీది," అంది సత్యలక్ష్మి.

రత్నమట! పదేళ్ళ స్నేహంలో తనను ఒక్కనాడు జగదా అని పిలిచిన పాపాన పోలేదు. ఏకై వచ్చి మేకై కూర్చోవడమంటే ఇదే అనుకుంది జగదాంబ. అసూయ అని పైకి చెప్పుకోలేదు కదా, అందుకని ఆచారాన్ని అడ్డం తెచ్చుకుంది.

"పూలమ్మేవాళ్ళతో ఆటలేంటి వదినా? మీ అత్తగారుంటే గడప తొక్కనిచ్చేవారా?"

సత్యలక్ష్మి చేతిలో గవ్వలు కింద పెట్టింది.

"మా అత్తగారు తాగిన ఆఖరి నీళ్ళు ఈవిడ చేతివే. ఆ పొద్దున నేను కంప దగ్గరకొచ్చి నిన్ను కేకేశాను వదినా. నూతి దగ్గరకి వెళ్ళే ఓపిక లేదు, బిందెడు నీళ్ళు కంప పక్కన పెట్టమని. నువ్వు కిటికీలోనే ఉన్నావు. తలుపు వేసేసుకున్నావు."

సత్యలక్ష్మి తనను చూడలేదనే జగదాంబ ఇన్నాళ్ళూ అనుకుంది. మా ఆయన కిటికీ తియ్యొద్దన్నారని తనకు తాను వందసార్లు చెప్పుకుంది. ఆయన ఆ పూట కొట్లో ఉన్నాడు. ఆ తలుపు వేసింది తన చెయ్యే.

"నిన్ను తప్పు పట్టను. అందరికీ భయమే. ఈవిడకీ భయమే, ఏడుస్తూనే లోపలికొచ్చింది," అంది సత్యలక్ష్మి. "దినాలయ్యాక ఇల్లు మింగేసేలా ఉంటే గవ్వలు నేనే తీశాను. నన్ను అడుగు, ఆవిణ్ణి కాదు."

జగదాంబకు ఏడుపు రావలసిన చోట కూడా మంటే వచ్చింది. రత్నమాణిక్యం చెడ్డదైతే ఎంత బాగుండును, హాయిగా తిట్టుకునేది! చివరికి చంకలోని పీట తీసి సత్యలక్ష్మి ముందు పెట్టింది.

"ఇది కూడా ఇక్కడే ఉండనీ వదినా."

సత్యలక్ష్మి పీట వంక చూసి, ఆమె వంక చూసింది. నేలమీది గవ్వలన్నీ ఏరి గుంటకి అయిదు చొప్పున పీటలో వేసింది.

"ఇద్దరాడే ఆట. ఈ ఆట మాది, గెలిచినవాళ్ళతో నువ్వు ఆడుదువుగాని."

పదేళ్ళుగా మొదటి ఎత్తు తనది. ఇవాళ స్తంభం పక్కన మూడో మనిషిగా కూర్చుంది. కూర్చున్నదన్న మాటే గాని చూపంతా రత్నమాణిక్యం వేళ్ళ మీదే. ఈ రెండు నెలల్లో తన ఇంట్లోవాళ్ళకి తప్ప ఎవరికోసమూ అమ్మవారికి మొక్కని మనిషి, ఆ పూలావిడ ఓడిపోతే రెండు కొబ్బరికాయలు కొడతానని మొక్కేసుకుంది. సత్యలక్ష్మి గెలవాలి, తాను ఆమెకు ఎదురుగా కూర్చోవాలి, అంతే.

అమ్మవారు ఆ కొబ్బరికాయలు అక్కర్లేదనుకున్నట్టుంది. రత్నమాణిక్యమే గెలిచింది.

సత్యలక్ష్మి నవ్వుతూ లేచి తన చోటు ఖాళీ చేసింది. జగదాంబ వచ్చి కూర్చుంది. రత్నమాణిక్యం గవ్వలు సర్ది, మొదటి గుంటలోవి తీసి ఆమెకు అందించింది.

"ముందు మీరు వెయ్యండమ్మగారూ."

వేళ్ళకి వేళ్ళు తగిలాయి. ఆ ముసలావిడకి నీళ్ళు పోసిన వేళ్ళవి. జగదాంబ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఆ పూటకి ఆమెకు చేతనైన మంచితనం అంతవరకే. గవ్వలు గుప్పిట పట్టుకుని, ఈవిణ్ణి ఒక్క గవ్వ లేకుండా ఓడించాలని పళ్ళు బిగించి మొదటి ఎత్తు వేసింది.