చెరిసగమైన సాలెగూడు

వేసవి వెడలియు వెడలని యుషఃకాలమున, కుప్పము చేరువ కొండచరియలపై ధూసరమేఘములు కురియుదమా మానుదమా యని తారాడుచుండ, చెంగమ్మ పెరటి ముండ్లకంచెపై సాలెగూడొకటి దూదిమూటవలె తెల్లగా వ్రేలాడుచుండెను. ఒంటరిగా మనలేని ఆ జాతి సాలీళ్లు వందలుగా నొక్క గూట బ్రదుకును. ఒకటి నడచిన దారిని పట్టుపోగు మిగులును, తక్కినవి దానిని బట్టి నడచును, చిక్కిన యీగను కలసి యారగించును. ఆ పోగే వానికి చుట్టరికము.

చెంగమ్మ మగడు గంగులప్పయు వాని తమ్ముడును వేరుపడిననాడు నాటిన కంచె యది. నాటినుండి తోడికోడండ్రకు మాటలు లేవు. తల్లిలేని పిల్లయై మరదికి భార్యగా కాపురమునకు వచ్చిన అశ్వత్థమ్మకు ప్రత్యుదయమున జడ యల్లినది చెంగమ్మయే. ఇప్పుడు కంచె యావల గాజులు గలగలలాడినప్పుడెల్ల ఆమె వ్రేళ్లు ఊరక పాయలు వెదకుకొనుచుండెను. చెల్లెలు కావలెను, పిలుచుటకు అభిమానమడ్డు.

కంచె మార్చునపుడు దానిమీది కాయయైనను కట్టెయైనను చెరిసగమనుట ఆ యూరి యాచారము. పశువులపై ముసురు నీగలను హరించు గూడు ఇరువురకును కావలసెను. న్యాయము తప్పని గంగులప్ప పాతకంచె పెరికి, మచ్చుకత్తితో గూటిని నడిమికి కోసి, సగము తన కొట్టపు చూరునను సగము తమ్ముని చూరునను కట్టెను.

"గూడు కోస్తే కాపురం కోసినట్టు గాదా?" అని చెంగమ్మ యడిగెను.

"న్యాయం న్యాయమే మే!" అని యతడు చేతులు దులుపుకొనెను.

మరునాటి యుదయమున చెంగమ్మ చూరుననున్న సగము గూడు శూన్యమై యుండెను. కంచె లేని బయలు మీదుగా, ఈ చూరునుండి యా చూరునకు, బాలభానుకిరణములు సోకి పట్టుపోగులు మెరయుచుండ, కడపటి సాలీడు వానిని బట్టి తనవారి కడకు పోవుచుండెను. చెంగమ్మకు కన్నులు చెమర్చెను. పురుగున కున్న తెగువ తనకు లేకపోయెగదా యని సిగ్గుపడెను.

అంతలో గంగులప్ప క్రొత్తముండ్లు మోసికొని వచ్చెను. ఆమె యడ్డముగా నిలిచెను.

"అంతా నాటొద్దు. మనిషి పట్టేంత సందు ఇడువు."

"సందు ఇడిస్తే ఏరుపడిండేది యాల?"

"ఏరుపడిండేది మీరు. మేం గాదు."

ఆ మాట ఆవలి కొట్టమున పాలు పితుకుచున్న అశ్వత్థమ్మ వినెను. చెంబు దింపి, పోగులు తెగకుండ తలవంచి బయలు దాటి వచ్చి, మొగమైన చూపక, చెంగమ్మకు వీపు త్రిప్పి మెట్టుపై కూర్చుండెను. ఇంకను కోపమే కాబోలునని గంగులప్ప తలచెను.

అశ్వత్థమ్మ చేయి వెనుకకు జాచి కొప్పు విప్పెను.