ఊకొట్టే మనిషి

“ఇది సిల్వర్ ఓకు. దీన్ని పట్టుకుని పాకింది మిరియం. కిందవి కాఫీ మొక్కలు.” బుధు రోజూ చెప్పే మాటలే చెబుతూ తోటలో ముందు నడుస్తున్నాడు. నోరు చెట్ల పేర్లు చెబుతోంది గానీ, మనసంతా ఇంటి దగ్గరే ఉంది.

వెనక ముగ్గురు గెస్టులు. కొండకథల యాత్రకని విశాఖ నుంచి వచ్చారు. పొద్దున తోట, మధ్యాహ్నం తెల్లదొర కట్టిన పాత బంగళా, సాయంత్రం కొండ కథ. తోటంటే మొక్కలు, చరిత్రంటే బంగళా, కథంటే బుధు. పన్నెండేళ్లుగా ఆ యాత్రలో అతనూ ఒక ఐటమే. పొట్టి మనిషి, పగిలిన మడమలు, ఎండకి చిట్లించి చిట్లించి చిన్నదైపోయిన ఎడమ కన్ను. నెత్తిన కంపెనీ వాళ్లు కట్టమన్న ఎర్ర తలపాగా. అతని ఊళ్లో అలాంటిది ఎవరూ కట్టరు.

పెళ్లాం సోములమ్మకి జ్వరం పట్టి నాలుగు రోజులైంది. తెల్లారేసరికి మొగుణ్ణే గుర్తుపట్టలేదు. సంత రోజు కావడంతో ఊళ్లో ఉన్న రెండు ఆటోలూ చీకటితోనే వెళ్లిపోయాయి. ఊళ్లో సిగ్నల్ రాదు. బంగళా దగ్గరికి పరుగెత్తుకొచ్చి అంబులెన్సుకి ఫోను చేస్తే, వేరే కేసు మీద వెళ్లింది, రావడానికి సాయంత్రమవుతుందన్నారు. ఇక మిగిలింది యాత్ర వ్యాను ఒక్కటే.

మేనేజరు భాస్కర్ని బతిమాలుకున్నాడు. భాస్కర్ చెడ్డవాడేం కాదు, కంపెనీకి భయపడేవాడు. ఒక్కోసారి చెడ్డవాడే నయం. గెస్టుల బండి గెస్టులకేనన్నాడు. కాసేపు బుర్ర గోక్కుని, ఒక దారి చెప్పాడు. ఇవాళ కథ రికార్డు చేసి పంపాలట. వచ్చే నెల నుంచి గెస్టులు దాన్ని చెవుల్లో పెట్టుకుని వింటారట. తోట కాగానే, రోజూ నువ్వు కథ చెప్పే కథ రాయి దగ్గరికే వెళ్దాం, రికార్డింగు అయిన మరుక్షణం వ్యాను నీదే, ఆసుపత్రికి తీసుకుపో అన్నాడు. తన గొంతు పెట్టెలో పెట్టేసుకుంటే తన పనేమిటని బుధు అడగలేదు. అడిగే తీరిక ఎక్కడిది!

పదకొండు దాటాక కథ రాయి చేరారు. భాస్కర్ అతని చొక్కాకి మైకు తగిలించి, ఎవరూ నోరు మెదపొద్దని గెస్టులకి సైగ చేశాడు.

“ఏడుగురు అక్కసెల్లెల్లు. ఏడుగురికీ ఒకటే కొండ,” అని బుధు ఆగాడు. రెండో మాట రాలేదు.

అతని ఊళ్లో కథకి ఊకొట్టే మనిషి ఉండాలి. ఊ అంటేనే కథ కదులుతుంది. చెప్పేవాడే ఊ కొట్టుకున్నాడా, వాడింట్లో ఊకొట్టే మనిషి ప్రాణం పోతుందని పెద్దలంటారు. పన్నెండేళ్లూ సోములమ్మే వచ్చి ఊకొట్టింది. ఓ పక్కన కూర్చుని చింతపండు గింజలు తీసుకుంటూ, తలెత్తకుండా ఊ అనేది. ఫొటోకి అడ్డమని గెస్టులు జరగమంటే జరిగేది, మళ్లీ ఊ అనేది. ఆమెను ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. నిజం చెప్పాలంటే బుధు కూడా తీసుకోలేదు.

రెండోసారీ అక్కడే ఆగాడు. మూడోసారీ అంతే. నీళ్లలా సాగిపోవాలి బుధూ, ఇలాగైతే వ్యాను సంగతి నేనేం చెయ్యను అని భాస్కర్ తల పట్టుకున్నాడు.

గెస్టుల్లో అనురాధ అని కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన పెద్దావిడ ఉంది. ఎందుకు ఆగిపోతున్నావని మెత్తగా అడిగింది.

“ఊ కొట్టీ మనిసుండాలమ్మా. మా ఆడది కొట్టీది, అది జరంతో పడుంది. మీరు కొడతారేటి?”

ఆవిడ భాస్కర్ వైపు చూసింది. రికార్డులో వేరే గొంతు పడితే హెడ్డాఫీసు ఒప్పుకోదని అతను తల అడ్డంగా ఊపాడు. ఎంత చక్కటి ఆచారమో అంటూ ఆవిడ నోటుబుక్కు తీసి రాసుకుంది. రెండు పేజీలు రాసుకుంది. ఒక్క ఊ మాత్రం అనలేదు.

పొద్దు నడినెత్తికొచ్చింది. ఎలాగైనా ఈ కథ గట్టెక్కకపోతే వ్యాను కదలదు, వ్యాను కదలకపోతే సోములమ్మ దక్కదు. బుధు కళ్లు మూసుకున్నాడు. ఏడుగురికీ ఒకటే కొండ అన్నాడు. పెదాలు కదపకుండా, లోపల, తనకు తనే ఊ కొట్టుకున్నాడు.

కథ కదిలింది. చిన్న చెల్లెలు సామగింజలు కొండ కడుపులో దాచడం, కరువొచ్చి ఆరుగురక్కలూ ఆకలికి ఏడవడం, కొండ తన కడుపు తనే చీల్చుకుని గింజలు ఇవ్వడం, అన్నీ ఎక్కడా ఆగకుండా చెప్పాడు. ప్రతి మాటకీ లోపల ఊ కొట్టుకుంటూనే ఉన్నాడు. అయిపోయాక, సూపర్ అని భాస్కర్ భుజం తట్టాడు. బుధు మైకు పీకి అతని చేతిలో పెట్టాడు. ఎంత పని చేశాను తల్లీ అనుకుంటూ వ్యాను దగ్గరికి పరుగెత్తాడు.

వీధి మొదట్లోనే పొరుగింటి తవిటమ్మ నిలబడి ఉంది. వ్యాన్ని చూసి ఎదురు రాలేదు. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఉండడం చూశాక బుధు ఇక ఏమీ అడగక్కర్లేకపోయింది. అయినా అడిగాడు, ఎప్పుడని.

“ఇందాకే బావా. పొద్దు నెత్తిమీదుండగా ఎల్లిపోయింది.”

“నేనే సంపీసినాను,” అన్నాడు బుధు. “నాకు నేనే ఊ కొట్టీసుకున్నాను తవిటమ్మా.”

చంపింది జ్వరమని, నువ్వు కాదని ఆమె చెబుతూనే ఉంది. ఆ మాట అతని చెవికెక్కలేదు. వ్యాను డ్రైవరు ఇంజను ఆపి కిందికి దిగాడు. ఈలోగా, గెస్టులు బంగళా చూడాలని ఎదురుచూస్తున్నారని భాస్కర్ మనిషిని పంపాడు. వ్యాను వెనక్కి తిరిగి వెళ్లిపోయింది.

బుధు గుమ్మం దాకా వచ్చి, లోపలికి వెళ్లలేక అక్కడే కూలబడ్డాడు. బండి రాగానే ఎక్కించాలని తవిటమ్మ పొద్దున్నే తీసిపెట్టిన సోములమ్మ చెప్పులు, తెగిన పట్టీకి పిన్నీసు గుచ్చినవి, రోడ్డు వైపు తిరిగి ఎండలో ఉన్నాయి.