లోపలి గదిలో ఇద్దరు

గోతం మూల కుట్టు విప్పి చెంగయ్య గుప్పెడు మేత చేతిలోకి తీసుకున్నాడు. మిరియాలంత నల్లటి గింజలు. అరచేతిలో నలిపాడు, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు, రెండు గింజలు నోట్లో వేసుకుని కొరికి, గుమ్మం పక్కన తుపుక్కున ఉమ్మేశాడు. రొయ్యల మేతను మనిషి నోట్లో పెట్టుకుంటాడా అని కొత్తవాళ్ళు మొహం చిట్లిస్తారు. పెట్టుకుంటాడు. ఎండు చేపల పొడి, సోయా పిండి, చేప నూనె, ఇంకా ఏమేమో కలిపి చేసిన గింజ అది. తడి తగిలితే పైకి ఏమీ కనిపించదు. లోపల బూజు మొదలైందని వాసనకే తెలుస్తుంది, అదీ అలవాటైన ముక్కుకే తెలుస్తుంది. బోగోలు చుట్టుపక్కల రొయ్యల గుంటలు తవ్వుకున్న రైతులు పెంచలకృష్ణ మేత కొట్టుకే రావడానికి కారణం పెంచలకృష్ణ కాదు, చెంగయ్య ముక్కు. ఆ సంగతి రైతులకు తెలుసు, యజమానికి ఇంకా బాగా తెలుసు.

చెంగయ్యకు యాభై ఏడేళ్ళు. అందులో ఇరవై ఆరు ఈ గోడౌన్లోనే గడిచాయి. గోతాలు మోసీ మోసీ కుడి భుజం ఎడమదాని కంటే రెండు వేళ్ళు కిందికి జారింది. మెడ వెనక చర్మం మోచేతి చర్మంలా గరుకెక్కింది. గోళ్ళ కింద నల్లటి గీత, పిన్నీసుతో తీసినా మర్నాటికి మళ్ళీ వచ్చేది. అవన్నీ సరే, వాసన సంగతి చెప్పాలి. కుళ్ళిన చేపనూ మురిగిన నూనెనూ కలిపి ఎండలో పెట్టినట్టుండే ఆ కంపు అతని చొక్కాకే కాదు, చెమటకే పట్టేసింది. బస్సెక్కితే పక్క సీటు ఖాళీ. పెళ్ళి పంక్తిలో కూర్చుంటే పక్క విస్తరి ఖాళీ. ఇంట్లో భార్య వెంకటశేషమ్మ అన్నం వడ్డించి గడప అవతలకు పోయి కూర్చునేది. ఆమెను తప్పు పట్టి ఏం లాభం? "చొక్కా బయటనే ఇడిసేసి రా" అన్న మాట తప్ప, సాయంత్రం పూట మొగుణ్ణి వేరే మాటతో పలకరించి ఎన్నేళ్ళయిందో ఆమెకే గుర్తు లేదు. రొయ్యల కూరంటే చెంగయ్యకూ రోతే. అవి తినేదేమిటో రోజూ నోట్లో పెట్టుకుని చూసేవాడికి కూర ఎలా దిగుతుంది?

అలాంటి మనిషికి ఓడ ఆశ పెట్టాడు పెంచలకృష్ణ. నిరుడు ఆయుధపూజ నాడు కాటాకు బొట్లు పెట్టి, కొట్టు ముందు గుమ్మడికాయ పగలగొట్టి, పదిమంది రైతుల ఎదుట చెంగయ్య భుజం మీద చెయ్యి వేశాడు.

"ఈసారి టార్గెట్ కొడితే మేత కంపెనీ వాళ్ళు ఇద్దరికి షిప్పు ట్రిప్పు ఇస్తారంట. మద్రాసులో ఎక్కించి, సముద్రంలో రెండు రాత్రుళ్ళు తిప్పి, మళ్ళా మద్రాసులోనే దించుతారంట. ఇంకెవురో ఎందుకు? నేనూ మా చెంగయ్యన్నా పోతాం!"

రైతులు చప్పట్లు కొట్టారు. చెంగయ్యకు ఆ మాట కంటే ఆ చెయ్యి ఎక్కువ గుర్తుండిపోయింది. గుమ్మడికాయ ముక్కలు ఏరడం అయిందాకా అది తన భుజం మీదే ఉంది.

సముద్రం మీద అతనికి మోజేమీ లేదు. బోగోలు వాడికి సముద్రం కొత్తా? తూర్పుకు పోతే అదే కదా. అతనికి కావలసింది వేరే. తెల్ల దుప్పటి వేసిన మంచం, పక్క మంచం మీద ఇంకో మనిషి, ఆ మనిషి మొహం అటు తిప్పుకోకుండా పడుకోవడం. అంతే. రెండంటే రెండు రాత్రులు. వింటే నవ్వొస్తుంది గానీ, వాటి కోసం ఏడాదంతా వానలో కూడా గోతాలు మోశాడు. ఆధార్ కార్డులో తప్పు పడిన పేరు సరిచేయించుకున్నాడు. కావలికి పోయి జిప్పు సంచీ కొన్నాడు. వీధిలో కనపడిన వాళ్ళందరికీ, అడిగినా అడక్కపోయినా, చెప్పుకున్నాడు. టార్గెట్ దాటింది. ఓడలో ఏ గది కావాలో ఈ సాయంత్రంలోగా తేల్చాలని, తనే వచ్చి రాసుకుంటానని కంపెనీ అమ్మాయి ఫోన్ చేసింది.

పది రోజులుగా చెంగయ్య ఒళ్ళు తోముకుంటూనే ఉన్నాడు. నిమ్మ తొక్కలు అయ్యాయి, కుంకుడు రసం అయింది, సున్నిపిండి అయింది. "బొగ్గును కడిగితే తెల్లబడుద్దా?" అని వెంకటశేషమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. అయినా వదల్లేదు. చందనం సబ్బు కొనుక్కొచ్చి గోడౌన్ కుళాయి గట్టు మీద పెట్టుకున్నాడు. ఈ పొద్దున మూడుసార్లు రుద్దుకున్నాడు, చర్మం మండేదాకా రుద్దుకున్నాడు. అంతటితో ఊరుకున్నా బాగుండేది. జిప్పు సంచీ కొన్న అంగట్లోనే చిన్న సీసా మల్లెపూల సెంటు కూడా కొన్నాడు మహానుభావుడు. మెడకు రాశాడు, చంకలకు రాశాడు, మిగిలింది నెరిసిన మీసాలకు పట్టించాడు. మీసం ముక్కు కిందే కదా ఉండేది, ముక్కుతో బతికేవాడికి ఆపాటి తెలియదా అంటే, తెలియలేదు. ఆశ అలాంటిది.

అందుకే ఇప్పుడు గింజలు ఎంత వాసన చూసినా మల్లెపూలే తగిలాయి. నోట్లో వేసుకుంటే సెంటు చేదు తప్ప ఇంకేమీ తెలియలేదు. ఇంకో గుప్పెడు తీద్దామనుకుంటుండగా రైతు చిన్నపోలయ్య ఆటో వేసుకుని వచ్చేశాడు. ఇస్కపల్లి దోవలో రెండు గుంటలు సాగు చేసుకునే మనిషి, నోటి దురుసు గానీ మంచివాడు.

"ఏంది చెంగయ్యా, పెళ్ళికొడుకు మాదిరి ఘుమఘుమలాడతుండావు?"

చెంగయ్య మొహం విప్పారింది. "సాయంత్రం గది తేలిపోద్ది మామా. రెండు రకాలంట. ఒకటి షిప్పు లోపల, దానికి కిటికీ కూడా ఉండదంట. ఇంకోటి బాల్కనీది, కుర్చీ యేసుకుని కూర్చొని సముద్రం చూడొచ్చంట."

"సముద్రం చూసేదానికి మద్రాసు పోయి షిప్పెక్కాల్నా? మా గుంట గట్టు మీద కుర్చీ యేస్తా రా, తేరగా చూద్దువు!"

"నాకు లోపలిదైనా చాల్లే మామా. కళ్ళు మూసుకుంటే అన్నీ ఒకటే."

"సరేలే. మేత చూసినావా?"

"చూసినా."

ఆ మాట అబద్ధం కాదు, నిజమూ కాదు. ఎనిమిది గోతాలు ఆటోలో వేసి పంపించాడు. ఆటో మలుపు తిరిగాక ఒకసారి మనసులో ముల్లులా గుచ్చుకుంది గానీ, జిప్పు సంచీలో ఏమేం పెట్టుకోవాలా అన్న ఆలోచనలో పడి మర్చిపోయాడు.

మూడు దాటాక కంపెనీ అమ్మాయి వినీల వచ్చింది. స్కూటీ దిగి, గోడౌన్ ముందు నుంచి నడుస్తూ, అలవాటుగా చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. చెంగయ్య రెండు టీలు తెచ్చి, గ్లాసుల పళ్ళెంతో యజమాని అద్దాల గదిలోకి వెళ్ళేసరికి ఆమె ట్యాబ్ బల్ల మీద పెట్టి బొమ్మలు చూపిస్తోంది.

"మీ అమ్మకాల పాయింట్లకి రెండే దారులు సార్. లోపలి గది తీసుకుంటే ఇద్దరు రావచ్చు. బాల్కనీ గది కావాలంటే ఒక్కరే. బెర్తులన్నీ అయిపోయాయి, డబ్బు కట్టినా ఇంకోటి రాదు."

పెంచలకృష్ణ భుజం మీదుగా చెంగయ్య ఆ బొమ్మ చూశాడు. చిన్న గది. రెండు మంచాలు, మధ్య మూరెడు ఖాళీ. తెల్ల దుప్పట్లు, మడత పెట్టిన తువ్వాళ్ళు. కిటికీ ఉండాల్సిన చోట అద్దం. తను అనుకున్న గది అచ్చంగా అదే.

"దీంట్లో గాలెట్లా ఆడుద్దమ్మా?" అన్నాడు పెంచలకృష్ణ.

"ఏసీ ఉంటుంది సార్. తలుపు మాత్రం మూసే ఉంచాలి."

అతను బొమ్మను పెద్దది చేసి చూశాడు, చిన్నది చేసి చూశాడు. తర్వాత కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు.

"రెండు రాత్రుళ్ళా? ఈ డబ్బాలోనా? మా చెంగయ్యన్న బంగారమే గానీ, మేత గోతాన్ని పక్కలో పెట్టుకొని పడుకొనేది నా వల్ల కాదు తల్లీ. ఇప్పుడు దానికి తోడు సెంటొకటి! బాల్కనీ రాసెయ్."

గుసగుసగా అన్నాడా? లేదు. ఎద్దు ముందు ఎద్దు సంగతి మాట్లాడినట్టు మామూలుగా అన్నాడు. వినీల చప్పున చేతిరుమాలు ఒళ్ళోకి దించేసింది. "సార్, ఆయన ఇక్కడే..." అంది.

"మా అన్నేలే, ఏమనుకోడు. ఏం చెంగయ్యన్నా? నీకూ షిప్పు పడదు, వాంతులైతాయి. కంపెనీ వాళ్ళు టోపీ ఇస్తారు, తెచ్చిస్తాలే."

"ఏమనుకుంటానయ్యా" అన్నాడు చెంగయ్య. టీ గ్లాసులు బల్ల మీద పెట్టాడు. ఒక్క చుక్క కూడా ఒలకలేదు.

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయంటే ఇదే. గోడౌన్లోకి వచ్చి గోతాల మీద కూలబడ్డాడు. ఏడుపు రాలేదు, కోపం రాలేదు. ఆయుధపూజ నాటి చెయ్యి గుర్తొచ్చింది. గుమ్మడికాయ ముక్కలు ఏరడం అయ్యాక అదే చేతిని పెంచలకృష్ణ ఏం చేశాడో ఇన్నాళ్ళూ గుర్తు రాలేదు, ఇప్పుడు గుర్తొచ్చింది. నేరుగా కుళాయి దగ్గరికి పోయి, మోచేతి దాకా కడుక్కున్నాడు. కుంకం అంటిందేమో అనుకున్నాడు అప్పుడు చెంగయ్య. ఛీ! ఆ చేతి మీద కలిగిన రోత కంటే, ఆ చేతి కోసం పది రోజులు చర్మం ఊడేట్టు తోముకున్న తన మీద తనకు కలిగిన రోత ఎక్కువ. మల్లెపూల కంపు గొంతులోకి దిగుతోంది. గోతం పీలిక తీసుకుని మీసాన్ని రుద్దాడు, పై పెదవి ఎర్రగా కమిలిందాకా రుద్దాడు.

అప్పుడే చిన్నపోలయ్య ఆటో తిరిగొచ్చింది. దిగుతూనే కేకలు.

"యాడ చెంగయ్య? గోతం మధ్యలో చెయ్యి పెడితే బూజు గడ్డలు! గుంటలో చల్లుంటే నా రొయ్యలు తెల్లారేసరికి తేలిపోయుండేవి. చూసినా అంటివే!"

పెంచలకృష్ణ అద్దాల గదిలోంచి బయటికొచ్చాడు. వినీల అతని వెనకే నిలబడిపోయింది.

"ముక్కేమైంది నీకు?" అని అరిచాడు. "నీకు కూలి ఇచ్చేది దేనికి? ఆ ముక్కుకే గదా!"

"కడిగేసినానయ్యా" అన్నాడు చెంగయ్య.

ఎనిమిది గోతాలూ తనే దించాడు. లోపల కొత్త వరస దగ్గరికి పోయి ఒక్కొక్క గోతం మూల విప్పాడు. ముక్కు తిరిగి వచ్చింది. నలిపి, వాసన చూసి, కొరికి, ఉమ్మి, రెండింటిని పక్కకు నెట్టాడు. బాగున్నవి ఎనిమిది ఏరి, కుట్లు వేసి, ఆటోలోకి చేర్చాడు. ఎప్పుడూ ఇంత నిదానంగా పని చెయ్యలేదు.

"తప్పు నాదే మామా. పదే పది గింజలు నీ చేత్తో తీసి కొరికి చూసుకుని పో."

"నువ్వు చూసినాక నేనేంది చూసేది" అని గొణిగి, చిన్నపోలయ్య ఆటో ఎక్కాడు. కోపం తగ్గింది గానీ అతని కళ్ళు చెంగయ్య పై పెదవి మీదే ఆగాయి.

చెంగయ్య మొలతాడుకున్న తాళాల గుత్తి విప్పి కాటా మీద పెట్టాడు.

"రేపట్నించి రానయ్యా."

"ఏందన్నా చిన్నపిల్లోడి మాదిరి? షిప్పు కోసమా? వచ్చే ఏడు..."

"షిప్పు కోసం కాదు. ఇరవై ఆరేండ్లు నీ కొట్టు కంపు నా ఒంటి మీద మోసినా. అది నా కంపని నువ్వంటే సరేననుకుంటి. ఈపొద్దు నాకే రోత పుట్టింది."

వినీల స్కూటీ మీద దింపుతానంది. అక్కర్లేదని తల ఊపి, చొక్కా దులుపుకుని, రోడ్డు దాటాడు. బస్సు వచ్చింది. ఎక్కాడు. పక్క సీటు ఖాళీగానే ఉండి ఉంటుంది.

అయిదున్నరకు కంపెనీ లారీ వచ్చింది, మూడు వందల గోతాలతో. డ్రైవరు తొందర పెట్టాడు. సరుకు చూసి సంతకం చెయ్యాలి, దించాక తిరిగి తీసుకోడు. చూసేవాడు లేడు. పెంచలకృష్ణ చొక్కా చేతులు మడిచి, ఒక గోతం మూల విప్పి, గింజలు ముక్కు దగ్గర పెట్టుకుని మొహం తిప్పేశాడు. ఏమీ తేలలేదు. కళ్ళు మూసుకుని రెండు గింజలు నోట్లో వేసుకుని కొరికాడు. చేప నూనె నాలుక మీద పరుచుకుంది. భళ్ళుమని కక్కాడు, తాగిన టీతో సహా. డ్రైవరు ముక్కు మూసుకుని రెండడుగులు వెనక్కి జరిగాడు.

చేతుల నిండా జిడ్డు, గడ్డానికి జిడ్డు, చొక్కా మీద కంపు. పెంచలకృష్ణ తడుముకుంటూ కుళాయి దగ్గరికి పోయి నీళ్ళు విప్పాడు. ఒట్టి నీళ్ళకు అది వదిలేది కాదు. సబ్బు కోసం చెయ్యి చాపి, సగంలో ఆగిపోయాడు. గట్టు మీద అరిగిపోయిన చందనం సబ్బు ముక్క ఉంది, నడుమ బొటనవేలంత గుంట, అంచుల వెంట నల్లటి మేత నలుసులు, వాటి మధ్య అంటుకుపోయిన ఒక తెల్ల మీసం వెంట్రుక.